విశాఖపట్టణమున వైద్యశాలల చరిత్రము – మన కర్తవ్యము



వార్షిక మహాసభలయందు సత్రములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు ప్రసంగించుట మనకు పరిపాటి. వైద్యశాలలను గూర్చి మాత్రము, దాత యెవరైన నొక గదికో, కొన్ని పడకలకో ధనమొసగినపుడు దక్క, మనము తలంచుట యరుదు. వైద్యశాల యనగా గోడలు, మంచములు, మందులు నని మనలో పెక్కుర యభిప్రాయము. రోగి వాకిట నడుగిడినది మొదలు తిరిగి యిల్లు చేరువఱకు ఎవరు ఏ పనిని ఏ వేళ చేయవలయునో నిర్ణయించు క్రమమే దానికి ప్రాణమని మా విశ్వాసము. మన విశాఖపట్టణ చరిత్రమే యిందులకు నిదర్శనము.

1845 వ సంవత్సరమున ఈ పట్టణమున ప్రజల కొఱకు ఒక చిన్న ఔషధాలయము వెలసెను. 1857 లో నది 30 పడకల వైద్యశాల యయ్యెను. సరిగా నా కాలముననే ఐరోపాలో వైద్యశాలలను గూర్చిన యాలోచన మాఱుచుండెను. క్రిమియా యుద్ధమున స్కుటారి సైనిక వైద్యశాలలో గాయములకంటె మురికివలనను, అంటురోగములవలనను ఎక్కువమంది మడియుట ఫ్లారెన్సు నైటింగేలు కన్నులార చూచెను. ఆమె మరణములకు కారణములవారీగా లెక్కలు కట్టెను. గాలి, వెలుతురు, పడకకు పడకకు నెడము, శిక్షితులైన పరిచారికలు – ఇవియు ఔషధములంతటివే యని వాదించి, 1860 లో లండనునగరమున పరిచారికల పాఠశాలను స్థాపించెను. దయ యొక్కటియే చాలదనియు, దయకు లెక్కయు, కట్టుబాటును తోడు కావలయుననియు లోకమునకు తెలిపిన దామెయే.

విశాఖలో 1902 న వైద్యపాఠశాల యేర్పడెను. 1923 జూలై 19 వ తేదీన, నాటి మదరాసు ప్రధానమంత్రి పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజావారు, కింగు జార్జి వైద్యశాలకు ప్రారంభోత్సవము చేసిరి. అప్పుడు దానియందు 192 పడకలుండెను. ఆ యేటనే వెలసిన వైద్యకళాశాల 1940 లో ఆంధ్ర వైద్యకళాశాల యను పేరు దాల్చెను. నేడా వైద్యశాలలో పడకలు వేయికి పైబడినవి.

వైద్యశాలకు కళాశాల తోడగుటవలన కలిగిన లాభ మేమి? పెద్ద వైద్యుడు, ఆయన సహాయకులు, శిక్షణ పొందు యువవైద్యులు గలిసి యొక జట్టు. ఆ జట్టునకు ఇన్ని పడకలు, వారమున ఇన్ని దినములు. ప్రతి పడకకును బాధ్యుడైన వైద్యుడొక డుండును. ఆయన ప్రతి దినమును శిష్యుల యెదుట రోగిని పరీక్షించి కారణములు చెప్పవలసియుండును గనుక, పొరపాటు దాగుట కష్టము. రోగి సంగతు లన్నియు కేసుషీటున కెక్కును. రాత్రి పని ముగించు నర్సు ఉదయము వచ్చు నర్సునకు దానిని చూపి పడక పడకకును అప్పగింత చేయును. ఈ గొలుసున నొక్క లంకె తెగినను, గొప్ప శస్త్రవైద్యుని నేర్పు సైతము నిష్ఫలము.

ఇక మన గాజువాక విషయము. 1933 లో ఓడరేవు, 1941 లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణశాల, 1957 లో నూనె శుద్ధి కర్మాగారము, 1971 లో శంకుస్థాపన జరిగి 1992 లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము – వీనితో పల్లెలు పట్టణమై, 2005 లో విశాఖ మహానగరమున గలిసినవి. ఉక్కు కర్మాగారమునకై భూములు వదలుకొన్న కుటుంబములు మన చుట్టునే యున్నవి. ఉక్కునగరమున ఉద్యోగులకు సంస్థవారి వైద్యశాల కలదు. బీమా గల కార్మికులకు మల్కాపురమున ఈ.ఎస్.ఐ. వైద్యశాల కలదు. ఏ కార్డును లేని దినకూలీకిని, చిన్న దుకాణదారునకును వ్యాధి ముదిరినచో తుదకు దిక్కు కింగు జార్జి వైద్యశాలయే. అది గాజువాకకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది.

పరిశ్రమల నడుమ బ్రతుకువారికి ఈ క్రమ మెంత యవసరమో 2020 మే 7 వ తేదీ తెల్లవారుజామున తెలియవచ్చెను. వెంకటాపురము చెంత కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడగా 12 మంది మరణించిరి. వందలకొలది జనులు వైద్యశాలల పాలైరి. అట్టివేళ ముందు వచ్చినవానికి ముందు చికిత్స యను నియమము పనికిరాదు. ఎవరికి ప్రాణవాయువు తక్షణమే కావలయునో, ఎవరు కొంత తడవు వేచియుండగలరో వాకిటనే వేఱుపఱుపవలయును. నెపోలియను సేనలయందు లార్రే యను శస్త్రవైద్యుడు ఈ పద్ధతినే యవలంబించెను. గాయపడినవాని పదవిని చూడక గాయమునే చూడవలయునని యాతని నియమము.

2005 లో ఆరంభమైన 108 వాహనములు దూరమను ఆటంకమును, 2007 లో ఆరోగ్యశ్రీ పేర వెలసి తరువాత పేళ్లు మార్చుకొన్న పథకము ధనమను ఆటంకమును కొంతవఱకు తొలగించినవి. మూడవ యాటంకము మిగిలియున్నది. చీటి యెచ్చట వ్రాయింతురో, రక్తమెచ్చట దొరకునో, ఏ కాగితము చూపిన పథకము వర్తించునో తెలియక పేదరోగి బంధువులు వాకిళ్లవెంట తిరుగుచుందురు. వైద్యుడు చేయలేనిదియు, ప్రభుత్వము మఱచునదియు నగు నీ పని సంఘములు చేయదగినది.

కావున మన సంఘ పోషకులకు మా విన్నపములు మూడు. వైద్యశాల యెఱిగిన యొకరిద్దఱిని వేతనముపై నియమించి రోగులకు తోడు పంపుట మొదటిది. రక్తదానమునకు సమ్మతించువారి పట్టికను సిద్ధపఱచి యేటేట సరిచూచుట రెండవది. నర్సు విద్య నభ్యసింపగోరు మన బాలికలకు వేతనములిచ్చుట మూడవది. ఈ సహాయము కోరివచ్చిన పరులకును నిరాకరింపరాదు. రోగమునకు కులము లేదు. పాలరాతిపై దాత పేరు చెక్కించుటకు వీనిలో తావు లేదు. అర్ధరాత్రమున గాజువాకనుండి బయలుదేరిన రోగి వేళకు పడక చేరుటయే వీని ఫలము. ఈ మహాసభ ముగియులోపల పెద్దలు వీనిలో నొక్కదానినైన తీర్మానించి, ధనము కేటాయింతురుగాక యని ప్రార్థించుచున్నాము.