పులిహోరలో పడ్డ పరాయి కాయ

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఏ గుళ్ళో ప్రసాదం పెట్టినా దొన్నెలో పులిహోర కనిపించాల్సిందే. అందులో రెండు ఎండుమిరపకాయలూ, కాసిని వేరుసెనగ గుళ్ళూ తగలకపోతే మనకి తృప్తి ఉండదు. ఇదెప్పటి వంటండీ అంటే, పాండవుల నాటిదని చెప్పేవాళ్ళున్నారు. అన్నం, పసుపు, చింతపండు ఎంత పాతవన్నా నేను నోరెత్తను. నా పేచీ అంతా ఆ మిరపకాయతోనే.

మిరప మన మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టింది. 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరాక, పోర్చుగీసువాళ్ళ ఓడల మీద ఇటొచ్చింది. వేరుసెనగా, చక్కెరపొంగలిలో జీడిపప్పూ దాని వెంట వచ్చిన చుట్టాలే. అంతకు ముందు మనకి కారం అంటే మిరియమే. మన ధనంబోడు స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో శాసనం చెక్కినవాళ్ళు మిరపకాయ మొహం ఎరగరు. అదే, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర ఈ పేట కట్టించేనాటికి అది తెలుగువాళ్ళ వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. ఇవాళ మన మెరక కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటే, ఇది పరాయిదంటే ఎవరు నమ్ముతారు?

దేవుడి గిన్నెలోకి దాన్ని ఎక్కించడానికి ఏ రాజూ ఆజ్ఞ ఇచ్చి ఉండడు. మిరియాల తీగ మలబారు వానల్లో బతుకుతుందిగానీ మన ఎండలకి ఆగదు. మిరప పెరట్లోనే కాసింది. చవకైంది, చేతికందింది, వండేవాళ్ళు వేశారు.

ఉపవాసాల సంగతి మరీ విచిత్రం. శివరాత్రికి అన్నం మానేసి చిలగడదుంపలు ఉడకబెట్టుకుంటాం. ఋషులు కందమూలాలు తిన్నారు కదా అంటారు. తిన్నారేమోగానీ, ఈ దుంప కాదు. ఇదీ అమెరికా సరుకే. నందిగామలో మా బంధువొకావిడ, కోడలు ఉపవాసం నాడు బంగాళాదుంప ఉడికించిందని, అది సీమదుంప, అనాచారమని నలుగురిలో చివాట్లు పెట్టి, తను తాపీగా చిలగడదుంప ఒలుచుకుంది. రెండూ ఆ ఖండం నించి సముద్రం దాటి వచ్చిన దుంపలే. పాపం, ఆ పిల్ల ఆ పూట ఏమీ తినలేదు. ఇక సగ్గుబియ్యమా? మనం కొట్లో కొనేది కర్రపెండలం పిండితో చేసింది. సేలంలో ఆ పరిశ్రమ రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మొదలైంది.

మరి పాత వంట ఆచూకీ ఎక్కడైనా మిగిలిందా అంటే, మిగిలింది. తద్దినం విస్తట్లో. విశ్వామిత్రుడు వసిష్ఠుడి ఇంటికి భోక్తగా వస్తూ, 1008 కూరలు వడ్డిస్తేనే వస్తానన్నాడట. అరుంధతి కంగారు పడలేదు. కాకరకాయ 100 కూరల పెట్టు, నల్లేరు 300, పనస 600, పైన మామూలు కూరలు 8 అని లెక్క అప్పజెప్పిందట. ఆడదాని గడుసుతనానికి కట్టిన ఈ కథంటే నాకెంతో ఇష్టం. కాని చరిత్ర కాదు. అయితే ఆ మూడు పేర్లూ చూడండి. కాకర, నల్లేరు, పనస - ఒక్కటీ ఓడ దిగింది కాదు. ఈనాటికీ చాలా ఇళ్ళల్లో ఆ రోజు టమాటా, క్యాబేజీ, బంగాళాదుంప గడప తొక్కవు, కారానికి మిరియమే దంచుతారు. పెద్దలు ఎరగని కూర పెద్దలకి పెట్టకూడదనుకున్నారు కాబోలు! కథ కల్పితమే గానీ, అందులోని కూరల పట్టీ మటుకు నమ్మదగ్గ సాక్షి.

శ్రీరామనవమి పందిట్లో పానకం, వడపప్పు కూడా ఈ పరీక్షకి నిలుస్తాయి. బెల్లం, మిరియం, ఏలకులు, పెసరపప్పు - అన్నీ మన పాత కాపులే. కాకపోతే వడపప్పులో పచ్చిమిరపకాయ తరిగి కలిపే ఇళ్ళూ ఉన్నాయి. మా ఇల్లు వాటిలో ఒకటి.