బీమా ఏజెంటు నియామకం (భారతదేశం)

బీమా పాలసీలు అమ్మడానికి భారతదేశంలో వ్యక్తులు పొందవలసిన చట్టబద్ధమైన అనుమతి. 1938 నాటి బీమా చట్టం దీనికి ఆధారం. హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా ఉన్న భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) నిబంధనలు రూపొందిస్తుంది. పూర్వం ఏజెంట్లకు మూడేళ్ల లైసెన్సు ఇచ్చేవారు. 2015 చట్ట సవరణ తర్వాత నియమించే అధికారం బీమా కంపెనీలకే దక్కింది.

అర్హత, పరీక్ష: అభ్యర్థికి 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. కంపెనీ ఇచ్చే శిక్షణ ముగిశాక ‘ఐసీ-38’ పాఠ్యాంశంపై కంప్యూటర్ పరీక్ష రాయాలి. తెలుగులోనూ రాసే వీలుంది. ఉత్తీర్ణులైనవారి పాన్ వివరాలు సరిచూసి కంపెనీ నియామక పత్రం, గుర్తింపు కార్డు ఇస్తుంది.

పరిమితులు: ఒక ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి పనిచేయవచ్చు. ఒకే రంగంలోని రెండు కంపెనీలకు పనిచేయకూడదు. తన కమీషన్‌లో కొంత తిరిగి ఇస్తానని ఆశచూపి పాలసీ కట్టించడం 41వ సెక్షన్ ప్రకారం నేరం, జరిమానా రూ.10 లక్షల వరకు ఉండవచ్చు. ఇంటిపెద్ద పోయాక ఆ కుటుంబానికి అక్కరకొచ్చే సొమ్ము, ప్రతిపాదన పత్రంలో ఏజెంటు నింపించే వివరాల నిజాయితీపైనే చాలావరకు ఆధారపడుతుంది. ఈ కట్టుదిట్టాలు అందుకే అవసరం.