పాటల పుస్తకం నుంచి ప్రసార వేదిక వరకు: తెలుగు చలనచిత్ర వివరాల నమోదు – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఓటీటీ వేదికపై ఒక చిత్రాన్ని ఉంచే ముందు దాని పేరు, భాష, సంవత్సరం, తారాగణం, సాంకేతిక వర్గం, ప్రక్రియ, నిడివి, కథాసంగ్రహం మొదలైన వివరాలను ఒక పట్టికగా సిద్ధం చేస్తారు. దీనిని మెటాడేటా అని వ్యవహరిస్తున్నారు. పేరు కొత్తదైనా పని పాతదే. టాకీల తొలినాళ్ల నుంచి పాటల పుస్తకాలు, సెన్సార్ ధ్రువపత్రాలు, టైటిల్ కార్డులు ఇదే పనిని వేర్వేరు ప్రయోజనాలతో నిర్వహించాయి. ఆ ఆధారాలతో పోల్చి చూడకుండా తయారయ్యే పట్టికలో తెలుగు చిత్రం తన కాలాన్ని, భాషను, కర్తలను కోల్పోయే ప్రమాదం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: మెటాడేటా, పాటల పుస్తకం, సెన్సార్ ధ్రువపత్రం, భక్త ప్రహ్లాద, మాయాబజార్, లిప్యంతరీకరణ, ఓటీటీ.

1. ఉపోద్ఘాతం

గ్రంథాలయానికి సూచిక ఎలాంటిదో ప్రసార వేదికకు మెటాడేటా అలాంటిది. ప్రేక్షకుడు వెతికినప్పుడు దొరకవలసింది చిత్రమే అయినా, యంత్రం వెతికేది ఆ చిత్రాన్ని గురించి రాసిపెట్టిన నాలుగు మాటలనే. పట్టికలో లేని చిత్రం వేదికపై ఉన్నా లేనట్లే. పట్టికలో తప్పుగా నమోదైన చిత్రం మరొక చిత్రంగా చలామణి అవుతుంది.

మనదేశంలో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో 2016లో ప్రవేశించాయి. తెలుగుకే ప్రత్యేకించిన ఆహా 2020లో ప్రారంభమైంది. ఈ కొద్ది సంవత్సరాలలోనే తొమ్మిది దశాబ్దాల తెలుగు సినిమా నుంచి ఎన్నో చిత్రాలు ఈ పట్టికలలోకి చేరాయి. పట్టికలోని గడులన్నీ పైకి తటస్థంగా కనిపిస్తాయి. కాని ‘సంవత్సరం’, ‘పేరు’, ‘భాష’, ‘రచయిత’, ‘ప్రక్రియ’ అనే ప్రతి గడికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను గడివారీగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. తొలి నమోదులు

చిత్ర వివరాలను అధికారికంగా నమోదు చేసే పద్ధతికి 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం పునాది వేసింది. దానిని అనుసరించి 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాలలో సెన్సార్ బోర్డులు ఏర్పడ్డాయి. స్వాతంత్ర్యానంతరం 1952 నాటి చట్టం ఈ వ్యవస్థను కొనసాగించింది. ధ్రువపత్రంలో చిత్రం పేరు, భాష, రీళ్ల సంఖ్య, నిడివి, దరఖాస్తుదారు, తేదీ ఉంటాయి. ప్రదర్శనకు అనుమతి ఇవ్వడం దీని ప్రయోజనం కనుక, చట్టానికి అవసరమైనంత మేరకే ఇందులో వివరాలు కనిపిస్తాయి.

ఫిలిం కాలపు ధ్రువపత్రంలో పొడవు అడుగులలోనో మీటర్లలోనో ఉండేది. ఓటీటీ పట్టిక నిమిషాలు అడుగుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిలిం అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. ఈ లెక్కన 5,000 మీటర్ల చిత్రం నిడివి దాదాపు 182 నిమిషాలు. నేడు వేదికపై ఉన్న ప్రతి ఇంతకన్నా గణనీయంగా తక్కువ సేపు నడిస్తే, అది సంపూర్ణమైన ప్రతి కాదేమోనని అనుమానించడానికి ఈ చిన్న లెక్క చాలు.

రెండవ ఆధారం పాటల పుస్తకం. థియేటర్ దగ్గర అణా, రెండణాలకు అమ్మిన ఈ పలుచని పుస్తకాలలో తారాగణం, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం, పాటల పాఠం ఉండేవి. కథను కీలకమైన మలుపు దాకా చెప్పి, తక్కినది వెండితెరపై చూడవలసిందని పాఠకుణ్ణి కోరడం వీటి సంప్రదాయం. నేటి ఓటీటీ కథాసంగ్రహం పరిమితమైన అక్షరాలలో ముగింపు బయటపెట్టకుండా ఆసక్తి రేపాలన్న నియమానికి ఇది పూర్వరూపం. అయితే పాటల పుస్తకం ఒక పని అదనంగా చేసింది. గీతపాఠాన్ని, గీతకర్త పేరును భద్రపరచింది. ప్రతులు దొరకని చిత్రాల విషయంలో పరిశోధకుడికి ఈ పుస్తకాలే దిక్కవుతున్నాయి.

3. సంవత్సరం: ‘భక్త ప్రహ్లాద’ పాఠం

హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ‘భక్త ప్రహ్లాద’ తొలి పూర్తి తెలుగు టాకీ. ఇది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలలో, పత్రికలలో పునరుక్తమవుతూ వచ్చింది. పాత్రికేయుడు, సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ నాటి ఆధారాలను వెలికితీసి, ఈ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సార్ ధ్రువపత్రం లభించిందని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్‌లో తొలిసారి ప్రదర్శితమైందని నిరూపించారు.

ఈ సవరణ నుంచి గ్రహించవలసిన అంశాలు రెండు. మొదటిది, సెన్సార్‌కు ముందే విడుదల సాధ్యం కాదు కనుక ధ్రువపత్రం తేదీ ఒక హద్దురాయి వంటిది. జ్ఞాపకాల మీద ఆధారపడిన తేదీని దానితో సరిచూడవచ్చు. రెండవది, విడుదల తేదీకి స్థలం కూడా చేరితేనే అర్థం. తెలుగు తొలి టాకీని ముందుగా చూసింది బొంబాయి ప్రేక్షకులు. ‘విడుదల సంవత్సరం’ అనే ఒంటరి గడి ఈ వాస్తవాన్ని మోయలేదు.

తప్పు తేదీ ముద్రిత గ్రంథంలో ఉంటే తరువాతి ముద్రణలో దిద్దుకోవచ్చు. మెటాడేటాలో చేరిన తేదీ ఒక వేదిక నుంచి మరొక వేదికకు నకలవుతూ పోతుంది. ఒకచోట దిద్దినా తక్కిన చోట్ల మిగిలిపోతుంది.

4. పేరు: ఒకే శీర్షిక, అనేక చిత్రాలు

సంవత్సరం తప్పయితే పేరు కూడా చిక్కుల్లో పడుతుంది. ‘భక్త ప్రహ్లాద’ పేరుతోనే చిత్రపు నారాయణరావు దర్శకత్వంలో 1942లో ఒక చిత్రం, 1967లో ఏవీఎం సంస్థ నిర్మించిన మరొక చిత్రం వచ్చాయి. పేరూ ఒకటే, దర్శకుడూ ఒకరే; ఈ రెండింటినీ వేరు చేసేవి సంవత్సరం, సంస్థ మాత్రమే. ‘దేవదాసు’ 1953లో వేదాంతం రాఘవయ్య, 1974లో విజయనిర్మల, 2006లో వై.వి.ఎస్.చౌదరి దర్శకత్వాలలో వచ్చింది. వీటిలో మూడవదానికి శరత్‌చంద్రుని నవలతో సంబంధం లేదు. పేరును మాత్రమే నమ్మిన పట్టికలో మూడవ చిత్రానికి మొదటి చిత్రపు కథాసంగ్రహం అతుక్కోవడానికి ఎంతో సేపు పట్టదు.

దీనికి తోడు లిపి సమస్య. పట్టికలోని మూల శీర్షిక చాలా సందర్భాలలో రోమన్ లిపిలోనే ఉంటుంది. సాధారణ రోమన్ రాతలో హ్రస్వదీర్ఘాలు, ల-ళ, న-ణ భేదాలు మాసిపోతాయి. ‘మాయాబజార్’ను ఒకే పదంగా, రెండు పదాలుగా, చివరి దీర్ఘంతో, దీర్ఘం లేకుండా రాసిన రూపాలు వాడుకలో ఉన్నాయి. లిప్యంతరీకరణకు 2001లో ఐఎస్ఓ 15919 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అంతకు పదేళ్ల ముందే, 1991లో, యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు లిపికి స్థానం దక్కింది. కనుక మూల శీర్షికను తెలుగు లిపిలో నమోదు చేయడానికి నేడు సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు.

పేర్ల అయోమయాన్ని తొలగించడానికి 2010లో ఈఐడీఆర్ అనే సంస్థ ఏర్పడి దృశ్యకృతులకు గుర్తింపు సంఖ్యలు ఇస్తున్నది. చిత్రాలయాల అంతర్జాతీయ సమాఖ్య ఫియాఫ్ 2016లో వెలువరించిన సూచీకరణ నియమావళి కృతిని, దాని రూపాంతరాన్ని, విడుదలైన రూపాన్ని, భౌతిక ప్రతిని నాలుగు అంచెలుగా విడదీసింది. 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’, 2010లో రంగులద్ది కుదించి విడుదల చేసిన ‘మాయాబజార్’ ఒకే కృతికి చెందినా ఒకే ప్రతి కావని చెప్పడానికి ఇటువంటి అంచెలు అవసరం.

5. భాష: వినిపించే భాష, మూలభాష

తొలి టాకీల కాలంలోనే భాష గడి ఇరుకుగా ఉండేది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలోనే 1931 అక్టోబరు 31న విడుదలైన ‘కాళిదాస్’ తొలి తమిళ టాకీగా ప్రసిద్ధం. కాని అందులో తమిళంతో పాటు తెలుగు కూడా వినిపించింది. తరువాతి కాలంలో మద్రాసు స్టూడియోలలో ఒకే చిత్రాన్ని రెండు భాషలలో తీయడం ఆనవాయితీ అయింది. విజయా సంస్థ ‘మాయాబజార్’ తెలుగులో 1957 మార్చి 27న, తమిళంలో ఏప్రిల్ 12న విడుదలైంది. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. వీటిలో ఒకదానిని మరొకదానికి అనువాదం అనలేము. దీనికి భిన్నంగా 1950 నాటి ‘ఆహుతి’ హిందీ ‘నీరా ఔర్ నందా’కు డబ్బింగ్ రూపం, దానికి తెలుగు మాటలు సమకూర్చినవారు శ్రీశ్రీ. ద్విభాషా నిర్మాణం, డబ్బింగ్ అనే రెండు వేర్వేరు చరిత్రలను ‘భాష: తెలుగు’ అనే ఒక్క మాట కలిపేస్తుంది.

ఈ సమస్య ప్రపంచం ముందుకు వచ్చిన సందర్భం ‘ఆర్ఆర్ఆర్’. ఎస్.ఎస్.రాజమౌళి తెలుగులో తీసిన ఈ చిత్రం 2022 మార్చిలో విడుదలైంది. హక్కులు భాషలవారీగా విడివడినందువల్ల అదే ఏడాది మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ రూపం, జీ5లో తెలుగు సహా దక్షిణాది భాషల రూపాలు వచ్చాయి. విదేశాలలో ఎక్కువమంది చూసింది హిందీ రూపం. 2023 జనవరిలో అమెరికాలో దర్శకుల సంఘం ప్రదర్శనలో రాజమౌళి తమది బాలీవుడ్ చిత్రం కాదని, దక్షిణ భారతానికి చెందిన తెలుగు చిత్రమని వివరించవలసి వచ్చింది. ‘వినిపించే భాష’, ‘మూలభాష’ అనేవి రెండు వేర్వేరు గడులు. మొదటిది హక్కులను బట్టి మారుతుంది; రెండవది చరిత్ర కనుక మారదు. రెండవ గడి ప్రేక్షకుడి కంటికి కనిపించకపోతే మొదటిదే చరిత్రగా స్థిరపడుతుంది.

6. కర్తలు, బాధ్యతలు

తెలుగు టైటిల్ కార్డులు ఒక ప్రత్యేక పరిభాషను రూపొందించుకున్నాయి: కథ, మాటలు, పాటలు, సంగీతం, నేపథ్యగానం, కళ, కూర్పు, నృత్యం, సమర్పణ. ఇందులో ‘మాటలు’ స్వతంత్రమైన రచనా బాధ్యత. ‘మాయాబజార్’ మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు సృష్టి. నేటికీ ఆ చిత్రం జనం నోళ్లలో నానడానికి ప్రధానకారణం ఆ మాటలే. అంతర్జాతీయ నమూనాలోని ‘రచయిత’ గడిలో కథకుడు, మాటల రచయిత ఒకరిలో ఒకరు కలిసిపోతారు. పాటల రచయితకు, నేపథ్య గాయకులకు చాలాసార్లు చోటే ఉండదు.

వ్యక్తినామాలదీ ఇదే పరిస్థితి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. కొందరు ఇంటిపేరుతోనే ప్రసిద్ధులు. ‘ఘంటసాల’ ఇంటిపేరు, ‘సావిత్రి’ సొంత పేరు. నమూనా మాత్రం ఇద్దరి నుంచీ మొదటి పేరు, చివరి పేరు అడుగుతుంది. హెచ్.ఎం., బి.ఎన్., కె.వి. అనే పొడి అక్షరాలు తొలగిస్తే ముగ్గురు మహాదర్శకులు ఒకే ‘రెడ్డి’గా మిగులుతారు. సముద్రాల రాఘవాచార్య, ఆయన కుమారుడు రామానుజాచార్య ఇద్దరూ సినీ రచయితలే; సీనియర్, జూనియర్ అని చేర్చకపోతే తండ్రి రచన కుమారుని ఖాతాలో పడుతుంది. నందమూరి తారక రామారావు, అదే పేరున్న ఆయన మనుమడి విషయంలోనూ ఈ జాగ్రత్త తప్పదు.

టైటిల్ కార్డు కూడా తుది ప్రమాణం కాదు. ‘మాయాబజార్’ తెరపై సంగీత దర్శకునిగా కనిపించేది ఘంటసాల పేరు ఒక్కటే. కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవని సినీ చరిత్రకారులు రాస్తూ వచ్చారు. తెరపై ఉన్నదానిని ఉన్నట్లు నమోదు చేసి, పరిశోధనలో తేలినదానిని వేరుగా చూపడం గ్రంథపరిష్కర్తలు పాఠాంతరాల విషయంలో పాటించే పద్ధతి. చిత్ర వివరాలకూ అదే తగినది.

7. ప్రక్రియ

పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అనే విభజన మన ప్రకటనలలో, పత్రికలలో స్థిరపడింది. ఇది రంగస్థలం నుంచి సంక్రమించిన వారసత్వం. ఓటీటీ వేదికలు ఇంతకన్నా ఎంతో సూక్ష్మంగా విభజిస్తాయి. 2014 జనవరిలో అమెరికన్ పత్రిక ‘ది అట్లాంటిక్’ నెట్‌ఫ్లిక్స్‌లో 76,897 ఉపవిభాగాలను లెక్కించింది. అయినా సూక్ష్మతకు, సముచితత్వానికి తేడా ఉంది. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. అది సురభి వంటి నాటక సమాజాల ద్వారా జనంలో నిలిచి, 1936లోనే తెరకెక్కి, 1957లో పరిణతి పొందింది. ‘పౌరాణికం’ అనే మాట ఈ పరంపరను గుర్తుచేస్తుంది. ‘ఫాంటసీ’ అనే ముద్ర మాంత్రిక చిత్రాల వరుసలో దానిని నిలబెట్టి ఊరుకుంటుంది.

8. ముగింపు

పాటల పుస్తకం అమ్మకానికి, ధ్రువపత్రం చట్టానికి, టైటిల్ కార్డు గౌరవానికి, ఓటీటీ పట్టిక అన్వేషణకు ఉద్దేశించినవి. ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. ఒకదానితో మరొకటి సరిచూసుకున్నప్పుడే నిజం తేలుతుంది. ఈ పరిశీలన ఆధారంగా నాలుగు సూచనలు చేయవచ్చు. మూల శీర్షిక తెలుగు లిపిలో ఉండాలి. మూలభాషను వినిపించే భాష నుంచి విడిగా చూపాలి. తేదీకి స్థలాన్ని, ఆధారాన్ని జతచేయాలి. మాటలు, పాటలు, నేపథ్యగానం వంటి బాధ్యతలను తెలుగు పరిభాషలోనే నిలుపుకోవాలి.

తాళపత్రాల వివరణాత్మక సూచికలు సిద్ధమైన తరువాతే తెలుగు సాహిత్యచరిత్ర రచన స్థిరమైన నేలపై నిలిచింది. చలనచిత్ర చరిత్రకు అటువంటి సూచికలు నేడు వాణిజ్య వేదికల పట్టికలలో తయారవుతున్నాయి. పాటల పుస్తకాన్ని చదవగలిగినవారు, ఇంటిపేర్ల తేడా తెలిసినవారు, పాఠపరిష్కరణలో శిక్షణ పొందినవారు తెలుగు శాఖలలో ఉన్నారు. ఆ పట్టికల పరిష్కరణను కూడా తెలుగు పరిశోధనలో భాగంగా స్వీకరించవలసిన సమయం వచ్చింది.