మోటతాడు మీద బీరతీగ

మా కాలంల పందిరికని పైసలిచ్చి కొన్న వస్తువు ఒక్కటి లేదు బిడ్డా. నువ్వు పట్నం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ జాలి చూసిన, మంచిగనే ఉన్నది, కాదన. కని మొన్న ఇల్లు సదురుకుంట చెత్త అని గోడవతల పడేసినవు చూడు, అండ్ల నాకు బీరపాదుకు, కాకరపాదుకు సరిపోయేంత పందిరి కనవడ్డది. గందుకే ఇయ్యాల ఈ ముచ్చట తీసిన. మంట కాడికి జరుగుండ్రి, చలి పెడుతున్నది.

మానేరు ఒడ్డున మన పాత ఇల్లు ఉన్నప్పుడు పెరడి పెద్దగుండె. జాలాట్ల తానం చేసిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు ఒక్క చుక్క బజారుకు పోకపోయేది. కాలువ తీసి పాదులల్లకే మళ్లిచ్చేది మా అత్త. మృగశిర కార్తె ఇంక వారం ఉన్నదనంగనే పందిరి పని మొదలయ్యేది. గింజలు గోడకు కొట్టిన పేడల అద్ది దాసేది, పురుగు పట్టకుండ. గోడ మీది పేడ గీకితె చాలు, బీరగింజ, ఆనిగెపు గింజ, పొట్ల గింజ రాలేవి.

మా అత్తకు వస్తువు విరిగిందంటె దుఃఖం లేకుండె. దాన్ని అటు ఇటు మర్లేసి చూసి, "ఇది దొండపాదు కాడికి" అని పక్కకు పెట్టేది. బండి నొగ విరిగితె పందిరి గుంజ. పెండ్లి పందిరి ఇప్పినంక మిగిలిన గుంజలు సరాసరి పెరట్లకే వచ్చేవి. నులక మంచం కోడు విరిగితె కట్టెలపొయ్యిల పెట్టనియ్యకపోయేది. మంచాన్ని అట్లనే ఎత్తి గోడకు ఆనిచ్చి, అడుగుల కాకర గింజ వేసేది. నులక సందులల్ల కాకర తీగ ఎట్ల దూరేదో చూడాలె! శ్రావణం నాటికి మంచం కనవడకపోయేది, ఆకే కనవడేది.

ఇంట్ల దొరకనిది ఊర్ల దొరికేది. గౌండ్ల మామ మోకు అరిగితె దాని మీద పానం పెట్టి తాటిచెట్టెక్కలేడు గద, మాకిచ్చేటోడు. మనిషిని మొయ్యలేని మోకు బీరకాయలను మస్తు మోస్తది. మేదరోళ్ల ఇంటి ముంగట గుల్లలు అల్లినంక మిగిలిన వెదురు చీలికలు కుప్పవడి ఉండేవి, అవి ఏరుకొచ్చేటోళ్లం. సాలోళ్ల మగ్గాల కాడ పడుగు కొసలు దొరికేవి. మూరెడు మూరెడు నూలు ముక్కలు, బట్టకు పనికిరావు. వాటిని నాలుగైదు పోగులు కలిపి పేనితె చిక్కుడుతీగ కట్టనీకి అంత మెత్తటి తాడు ఇంకోటి లేదు. ఊకెనే తీసుకోకపోయేది మా అత్త. కాపు రాంగనే మొదటి ఒడి కాయలు వాళ్లిండ్లకే పోయేవి. గౌండ్లింటికి ఆనిగెపుకాయ, మేదరింటికి బీరకాయ, సాలోళ్లకు చిక్కుడు. ఊరి బంధుత్వం గట్ల నడిచేది.

మోటతాడు సంగతి చెప్త. మోట అంటె మీకు తెల్వదు. బావి గట్టు మీద గిరక, దాని మీది నుంచి తాడు, తాడుకు పెద్ద తోలు బొక్కెన. రెండెడ్లు దిగుడుబాట మీద ముందుకు నడిస్తె నీళ్లు పైకొచ్చేవి, మళ్ల ఎనకకు జరిగితె బొక్కెన బావిల దిగేది. పొద్దుపొద్దంత అదే పని. మీ ముత్తాత పాటలు పాడుకుంట మోట కొట్టేటోడు. ఆయిలింజన్లొచ్చినయి, ఎనకంగ కరెంటు మోటార్లొచ్చినయి, మోటలు బందయినయి. ఎడ్లకు సుకమైంది, మనుషులకూ సుకమైంది. కని ఆ తాడు చూస్తె మా మామకు మనసు ఆగకపోయేది. పారెయ్యలేడు, పనికీ రాదు. కొట్టంల మొలకు ఏలాడేసి ఉంచిండు చాన్నాళ్లు.

ఒక వానకాలం మా అత్త దాన్ని దించింది. "గింత లావు తాడు తీగకెందుకు, ఎట్ల పట్టుకుంటది?" అన్న నేను. ఆమె నవ్వి తాడు పురి విప్పుడు మొదలువెట్టింది. లావు తాడు మూడు పాయలైంది, పాయలు ఇంకా సన్న పురులైనయి. ఆ పురులను గుంజల నడుమ అడ్డం నిలువు కట్టింది. మోటతాడు మీద బీర పాకింది. మా మామ రోజూ పొద్దుగాల అక్కడ కుర్చీ ఏసుకొని కూసునేటోడు, ఏం మాట్లాడకపోయేటోడు.

అత్త ఎందుకు పురి ఇప్పిందో నాకు ఎనుక అర్థమైంది. బీర, కాకర, పొట్ల, ఆనిగెపు, దొండ, వీటికి నులితీగలుంటయి. పసిపిల్ల పిడికిట్లకు మన వేలే పడుతది, మోచెయ్యి పట్టదు. నులితీగ గూడ అంతే. లావు గుంజ ఎదురైతె దాన్ని చుట్టుకోలేక కిందికి జారుతది. సన్నటి పుల్లో తాడో తగిలిందనుకో, పొద్దుగాల తగిలితె మాపటికల్ల చుట్లు ఏసుకుంటది. పట్టు దొరికినంక ఇంకో పని చేస్తది, దగ్గరికి పోయి చూడుండ్రి. సగం దాక ఒక దిక్కు చుట్లు తిరిగి, నడుమ మర్లి, తక్కిన సగం ఇంకో దిక్కు తిరుగుతది. గందుకే ఈదురుగాలి కొడితె సాగుతది, మళ్ల దగ్గరికొస్తది, తెగది.

చిక్కుడు, తీగబచ్చలి తీరు వేరు. వాటికి నులితీగలు లేవు. తీగే ఒళ్లంత కట్టెకు చుట్టుకుంట పైకి పోతది. దానికి నిలువు కట్టె కావాలె, గరుకుగుండాలె. నున్నటి ఇనుప పైపు పాతితె జారుతది, ఎండకు ఆ ఇనుము కాలి లేత కొస మాడుతది. ఇనుప పైపే ఉన్నదంటె దానికి పాత గోనెపట్ట పీలికలు చుట్టుండ్రి, సరిపోతది.

అందరికన్న గొప్పది కందికట్టె బిడ్డా. కంది కొట్టినంక కట్టె పొయ్యికే పోయేది, కని కొమ్మలు బాగున్నవి ఏరి సూరు కింద నిలవెట్టేది మా అత్త. ఒక్క కట్టెకు ఎన్ని పుల్లలు! నులితీగకు ఎక్కడ చెయ్యి చాపితె అక్కడ పట్టు. బీర బతికేది నాలుగైదు నెలలు, కందికట్టె గట్టిగుండేది గూడ అంతే. పంట అయిపోయేసరికి కట్టె పెళుసైతది, తీగతోని సహ గుంజి పొయ్యిల పెట్టుకునేటోళ్లం. దొండ అట్ల కాదు, ఏండ్లకేండ్లు ఉంటది. దానికి తుమ్మ గుంజలే వెయ్యాలె. తీగ ఎన్నాళ్లు బతుకుతదో ముందు చూసుకొని దానికి తగ్గ కట్టె ఎంచుకునేది మా అత్త. ఒక్క కారు పంటకు ఏండ్ల తరబడి ఉండే సామాను తెచ్చుడు దండుగ అని నా లెక్క గూడ.

చిక్కుడుది ఒక చిక్కు. వానకాలంల వేస్తం, ఆకు మస్తు పెడుతది, పూత మాత్రం పొద్దు తగ్గి చలి పడ్డంకనే. సంక్రాంతికి కాయ బరువెక్కుతది, రథసప్తమికి చిక్కుడుకాయలతోని రథం చేస్తం గద, అప్పుడు నిండు కాపు. బరువు పడేది చివర్ల, అప్పటికి గుంజలు వానలంత తడిసి అడుగున పుచ్చి ఉంటయి. పందిరి కూలేది గప్పుడే. గందుకని గుంజ పాతేముందు దాని మొదలు ఇట్ల మంటల తిప్పుకుంట కాల్చాలె, పైన నల్లగ బొగ్గు పట్టేదాక. బొగ్గు పట్టిన కట్టెను చెదలు తొందరగ ముట్టయి. మూరెడు లోతు పాతితె, భూమి పైకి ఇంకో బెత్తెడు దాక కాల్చాలె, గుంజ పుచ్చేది మట్టి గాలి కలిసే కాడనే. మునగ కొమ్మ పాతితె ఆ బాధ గూడ లేదు. అది చిగురు పెడుతది, గుంజకు గుంజ, కూరకు కూర. కోస్తా దిక్కు తమలపాకు తోటలల్ల అవిశె చెట్లనే గుంజలు చేసుకొని తీగ పాకిస్తరు, అదీ ఇసుంటి తెలివే.

హైదరాబాదు చుట్టుముట్టు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలుండేవి, రాతి కడీల మీద. తోటలు పోయి ప్లాట్లయినంక ఆ కడీలు కంచెలకు, కూరగాయల పందిళ్లకు పోయినయి. ఇప్పుడు సర్కారు సబ్సిడీ ఇచ్చి కడీలు, ఇనుప తీగెలతోని పందిళ్లు వేయిస్తున్నది. అమ్ముకునెటోళ్లకు అది సరైనదే. ఇంటి కూరకు అంత అక్కర్లేదు. నీ గోడవతల చెత్తల సైకిలు చక్రాలు, చినిగిన ట్యూబు, పాత చీరలు, విరిగిన నిచ్చెన ఉన్నయి. చక్రానికి పుల్లలుంటయి, కాకరకు బంగారం. ట్యూబు పీలికలతోని తీగ కట్టు, అది సాగుతది, తీగ లావెక్కినా కోసుకపోదు. ఇనుప తీగెతోని కట్టకు, కోస్తది. నిచ్చెన ఆనిస్తె ఆనిగెపు తీగ ఇంటి కప్పెక్కుతది.

నాకు కోపమొచ్చేది ఒకటే. సంక్రాంతి దాటంగనే చేన్లల్ల కందికట్టె కుప్పలేసి అగ్గి పెడుతున్నరు. పొయ్యిలు పోయి గ్యాసొచ్చింది, కట్టె ఎవ్వలకు అక్కర లేదాయె. పత్తికట్టె సంగతి వేరు, అందులల్ల ఇడవని కాయలుంటె గులాబి పురుగు దాగుంటది, దాన్ని నిలువ పెట్టొద్దు. కందికట్టెకు ఆ భయం లేదు. కాల్చకుండ్రి బిడ్డా. నాలుగు మోపులు మోసుకొచ్చి సూరు కింద వాన తగలకుండ నిలవెట్టుండ్రి. మృగశిరకు గింజ పెట్టకముందే పందిరి లేపుండ్రి, పాదు మొలిచినంక గుంజలు పాతితె వేర్లు తెగుతయి.