మైలేజీ తగ్గితే వెతకవలసిన వరుస ఏది?

మోటార్‌సైకిల్ మైలేజీ తగ్గిందనగానే చాలా చోట్ల మరమ్మతు కార్బ్యురేటర్ విప్పడంతోనే మొదలవుతుంది. నిజానికి అది చివరగా చేయవలసిన పని. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి 45కు పడిపోతే, నెలకు 1,250 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కార్మికుడికి దాదాపు 7 లీటర్ల పెట్రోలు అదనంగా ఖర్చవుతుంది. లోపాన్ని తప్పుగా గుర్తిస్తే మరమ్మతు బిల్లు కూడా దానికి తోడవుతుంది.

ముందుగా మైలేజీ నిజంగా తగ్గిందో లేదో తేల్చుకోవాలి. ట్యాంకును ఒక గుర్తు వరకు నింపి, ట్రిప్ మీటరును సున్నాకు తేవాలి. రోజూ వెళ్లే దారిలోనే కనీసం 200 కిలోమీటర్లు నడిపి, బండిని అదే తీరున నిలిపి, మళ్లీ అదే గుర్తు వరకు నింపాలి. తిరిగిన దూరాన్ని రెండోసారి పోసిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క తెలుస్తుంది. దీన్ని అదే బండి పాత లెక్కతో పోల్చాలి తప్ప, ప్రయోగశాలలో రోలర్లపై నడిపి ప్రకటించే అంకెతో కాదు.

ఇంధనం మారిన సంగతీ మరువరాదు. ఇథనాల్‌లో లీటరుకు లభించే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం మిశ్రమానికి సర్దిన పాత ద్విచక్ర వాహనాల్లో ఇ20 వాడితే మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నిపుణుల కమిటీ నివేదిక అంచనా వేసింది. అంటే 60 కాస్తా 58 అయితే ఇంధనాన్ని తప్పుపట్టవచ్చు. 45 అయితే కారణం వేరే చోట ఉన్నట్టే.

చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి చూడాలి. ఆపై ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాలి. వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోందని గానీ, చైన్ మరీ బిగుతుగా ఉందని గానీ అర్థం. ఎక్కువ మంది విస్మరించేది ఈ చిన్న పరీక్షనే. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఆ లోపానికి క్లచ్ లివర్‌లో తగినంత వదులు లేకపోవడమూ ఒక కారణమే.

తరువాతి వంతు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లది. ప్లగ్ కొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం సవ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు మోతాదు మించుతోంది. నూనె తడి కనిపిస్తే పిస్టన్ రింగులనో, వాల్వ్ సీళ్లనో అనుమానించాలి.

పొడి మసి కనిపించిన పాత బండ్లలో చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, కార్బ్యురేటర్‌లోని ఫ్లోట్ సూది అరిగిందా అన్నది పరిశీలించాలి. మైలేజీ కోసం పెట్రోలు మోతాదును మరీ తగ్గిస్తే ఇంజన్ వేడెక్కి పికప్ పోతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక అత్యధిక మోటార్‌సైకిళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వీటిలో తిప్పి సరిచేసే స్క్రూల కంటే సెన్సార్ల పాత్రే ఎక్కువ. ఉష్ణోగ్రత సెన్సార్ పాడై ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సంకేతమిస్తే, నియంత్రణ యూనిట్ అదనంగా పెట్రోలు పంపుతూనే ఉంటుంది. మీటరుపై ఇంజన్ హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతుంటే విడిభాగాలు మార్చే ముందు స్కానర్‌తో లోపం కోడ్ చదివించాలి.