కనరు వాసన వెనక కథ: కోనసీమ కొబ్బరి, ఒక హంగరీ జనరల్

ఆల్డిహైడ్లు, కీటోన్లు, కార్బాక్సిలిక్ ఆమ్లాలు అనగానే ఇంటర్ సెకండియర్ గుర్తొచ్చి చాలామంది వీడియో మార్చేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. ఈరోజు మన కథ అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గర మొదలవుతుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎటు వెళ్లినా కొబ్బరి తోటలే కదా. దింపు అయ్యాక కాయలు రాశులు పోస్తారు. కొన్ని పచ్చికాయలుగా లారీ ఎక్కుతాయి. కొన్ని నెలల తరబడి నిల్వ ఉండి, లోపల నీళ్లు ఇంకిపోయి కురిడీ అవుతాయి. కొన్నింటిని పగలగొట్టి, చిప్పలు ఎండబెట్టి నూనె తీస్తారు. ఎండు కొబ్బరి కొనేవాళ్లు ఏం చేస్తారో చూశారా? ముక్క విరిచి ముందు వాసన చూస్తారు. కనరు వాసన వచ్చిందా, రేటు పడిపోయినట్టే. ఆ వాసనకి ఒక కెమిస్ట్రీ ఉంది, ఆ కెమిస్ట్రీకి ఒక చరిత్ర ఉంది.

ముందు ఫ్రాన్స్‌కి వెళ్దాం. 200 ఏళ్ల కిందట సబ్బు చేయడం అందరికీ తెలుసు. కానీ నూనెలో అసలు ఏముందో ఎవరికీ సరిగ్గా తెలీదు. షెవ్రూల్ అనే శాస్త్రవేత్త 1811 నుంచి సబ్బుల మీద పనిచేసి, 1823లో తన పుస్తకం అచ్చువేశాడు. ఆయన తేల్చింది ఇదీ: కొవ్వు అంటే గ్లిజరిన్, దానికి అతుక్కున్న ఆమ్లాలు. క్షారం వేసి కాస్తే ఆ అతుకు ఊడిపోతుంది. ఆమ్లం క్షారంతో కలిసి సబ్బవుతుంది. ఆ సబ్బులో మళ్లీ ఘాటైన ఆమ్లం పోస్తే, ఫ్యాటీ ఆమ్లం విడిగా పైకి తేలుతుంది. మన టెక్స్ట్‌బుక్‌లో 'ఎస్టర్ జలవిశ్లేషణ ద్వారా కార్బాక్సిలిక్ ఆమ్లం తయారీ' అని ఒక లైన్ ఉంటుంది చూడండి, అదే ఇది.

సరే, మరి కొబ్బరి నూనెలో ఉన్న ఆమ్లం ఏది? ఇక్కడ కథ సినిమాలా మారుతుంది. ఆర్తుర్ గోర్గే అని హంగరీ యువకుడు. 1845లో సైన్యం ఉద్యోగం వదిలేసి, కెమిస్ట్రీ చదవడానికి ప్రాగ్ వెళ్లాడు. అక్కడి ల్యాబ్‌లో కొబ్బరి నూనెని విడదీసి, అందులో లారిక్ ఆమ్లం ఉందని చూపించాడు. ఆ పేపర్ 1848లో వచ్చింది. అదే సంవత్సరం హంగరీలో విప్లవం. మనవాడు ల్యాబ్ వదిలి మళ్లీ కత్తి పట్టాడు, విప్లవ సైన్యానికి సేనాధిపతి అయ్యాడు! 1849 ఆగస్టులో రష్యా సైన్యానికి లొంగిపోవాల్సి వచ్చింది. సొంత దేశంలోనే చాలామంది ఆయన్ని ద్రోహి అన్నారు. ఆ మచ్చ మోస్తూనే 1916 దాకా, 98 ఏళ్లు బతికాడు.

ఇంకో మాట. ఆయన ప్రాగ్‌లో కొబ్బరి నూనె కాస్తున్న ఆ రోజుల్లోనే, ఇక్కడ ధవళేశ్వరంలో కాటన్ గారు ఆనకట్ట కడుతున్నారు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ పేపర్ సంగతి వీళ్లకి తెలీదు, ఈ గోదావరి సంగతి ఆయనకి తెలీదు.

ఇప్పుడు మళ్లీ మన కొబ్బరి ముక్క దగ్గరికి వద్దాం. కొబ్బరి నూనెలోని ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దానిలో 12 కార్బన్లు, ఒక చివర కార్బాక్సిల్ గ్రూపు. అది గ్లిజరిన్‌కి అతుక్కుని ఉన్నంతసేపు గొడవ లేదు. పచ్చి కొబ్బరిలో సుమారు సగం నీరే. అది ఆరు శాతం దాకా ఎండాలి. ఈలోగా ముసురు పట్టిందనుకోండి, తేమ వల్ల అతుకు ఊడి ఆమ్లాలు బయటపడతాయి. తర్వాత బూజు వస్తుంది. బూజు ఈ ఆమ్లాల్ని ఆక్సీకరణం చేసి, చివరి కార్బన్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తుంది. మిగిలేది ఒక కార్బన్ తగ్గిన కీటోన్! 12 కార్బన్ల ఆమ్లం నుంచి 11 కార్బన్ల కీటోన్, 8 కార్బన్ల ఆమ్లం నుంచి 7 కార్బన్ల కీటోన్. బూజు పట్టిన కొబ్బరిలో ఆ కనరు కంపు చాలావరకు వీటిదే. టెక్స్ట్‌బుక్‌లో దీన్నే డీకార్బాక్సిలేషన్ అంటారు. ఎగ్జామ్‌లో రెండు మార్కులు. రైతుకి మాత్రం ఏడాది కష్టం.

మరి ఆల్డిహైడ్ ఎక్కడ? అదే 12 కార్బన్ల గొలుసు చివర కార్బాక్సిల్ బదులు ఆల్డిహైడ్ గ్రూపు పెడితే లారిక్ ఆల్డిహైడ్. అది సెంట్లలో వాడే సరుకు. 1921లో పారిస్‌లో వచ్చిన షానెల్ నంబర్ ఫైవ్‌కి పేరు తెచ్చింది ఇలాంటి ఆల్డిహైడ్లే. గొలుసు దాదాపు ఒకటే. చివర ఉన్న గ్రూపు మారితే ఒకటి తలనూనె, ఒకటి సెంటు, ఒకటి కంపు. ఫంక్షనల్ గ్రూపు అంటే ఇదీ ఫ్రెండ్స్!

నూనె కొనే కంపెనీలు ముక్కుని మాత్రమే నమ్ముకోవు. యాసిడ్ వాల్యూ చూస్తాయి. ఒక గ్రాము నూనెలో విడిపోయిన ఆమ్లాన్ని తటస్థం చేయడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పట్టిందో అదే ఆ నంబర్. మీరు ల్యాబ్‌లో ఫినాఫ్తలీన్ వేసి, పింక్ రంగు వచ్చేదాకా చుక్కచుక్కగా వదిలారే, అదే టైట్రేషన్. ఆ నంబర్ ఎంత తక్కువైతే నూనె అంత మేలు. చిప్పలు ఎండేసిన రోజున ఎండ కాసిందా, ముసురు పట్టిందా అన్నది అందులో తెలిసిపోతుంది.

అందుకే మబ్బు కనపడగానే పెద్దవాళ్లు "ముందు కొబ్బరి లోపలెయ్యండ్రా" అని కేకేస్తే విసుక్కోకండి. వాళ్లు ఈ చాప్టర్ చదవలేదు. కానీ ఆ రియాక్షన్ జరగకుండా ఆపడం వాళ్లకి బాగా తెలుసు. మీ ఇంట్లో కురిడీలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు? కామెంట్‌లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.