1వ తేదీ వస్తే రూ.4 వేలు.. డెల్టా పల్లెల్లో పింఛన్‌తో ఏం మారుతోంది?

కృష్ణా డెల్టాలో కూలి పని ఏడాదంతా ఉండదు. నాట్లు, కలుపు, కోతలు అయిపోతే చేతిలో డబ్బు ఆడదు. కాలవలు కట్టేసే ఎండాకాలం మరీ కష్టం. అలాంటి ఇంటికి ఠంచనుగా వచ్చేది ఎన్టీఆర్ భరోసా పింఛన్ ఒక్కటే.

ఎంతొస్తుంది?
2014లో రూ.200 ఉన్న వృద్ధాప్య పింఛన్ ఆ ఏడాదే రూ.1,000 అయింది. 2019లో రూ.2,000, 2024 జనవరిలో రూ.3,000కి చేరింది. 2024 జులై 1న విజయవాడకు నది అవతలున్న పెనుమాకలో సీఎం చంద్రబాబు రూ.4,000 పింఛన్ ప్రారంభించారు. మూడు నెలల బకాయి కలిపి ఆ రోజు రూ.7,000 ఇచ్చారు. దివ్యాంగులకైతే నెలకు రూ.6,000.

ఏం మారుతుంది?
ఎంత వస్తుందన్నది ఒక ఎత్తు, ఎప్పుడొస్తుందో తెలియడం ఇంకో ఎత్తు. 1వ తేదీన డబ్బు ఖాయమంటే కిరాణా కొట్లో అప్పు పుడుతుంది. బీపీ, షుగర్ మాత్రలు మధ్యలో ఆగవు. వడ్డీకి తేవాల్సిన అవసరం తగ్గుతుంది. కొడుకుని అడగాల్సిన పెద్దావిడే మనవడి పుస్తకాలకు నాలుగు డబ్బులు ఇవ్వగలుగుతుంది.

ఇవి మర్చిపోవద్దు
ఊళ్లో లేక రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు. అప్పుడూ తీసుకోకపోతే పింఛన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. పింఛన్ తీసుకునే భర్త చనిపోతే, మరణ ధ్రువీకరణ పత్రంతో భార్య వెంటనే సచివాలయంలో దరఖాస్తు చేసుకోవాలి.